మా మామిడి చెట్టుకి ఎర్రపూలు

మూడేళ్ల కిందట, కనుమ మర్నాడు తోటకెళ్లి ఒక ఫొటో తీసి మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "మన బంగినపల్లికి ఎర్రపూలు పూశాయి, ఎంత బాగున్నాయో చూడండి" అని కింద రాశాను కూడా. పిన్ని దండం బొమ్మ పెట్టింది. మా ఆడపడుచు హార్ట్ పెట్టింది. అమెరికాలో ఉన్న తమ్ముడు "హైబ్రిడా అక్కా?" అని అడిగాడు. పావుగంట తర్వాత సుబ్బయ్య బాబాయ్ దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "అమ్మాయ్, మామిడికి ఎర్రపూలేంటి? అది బదనిక. చెట్టు నెత్తికెక్కి కూచుంది. పక్క చెట్లక్కూడా ఉంది, సరిగ్గా చూడు."

సరిగ్గా చూశాను. బదనిక, అంటే చెట్టు కొమ్మలకి పట్టి బతికే పరాన్నజీవి మొక్క, ఒకటి కాదు రెండు కాదు, పదమూడు చెట్లకి ఉంది.

కొంచెం వెనక కథ చెప్పాలి. నాది విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. నూజివీడు దగ్గర మా ఊళ్లో నాన్న నాకు రాసిచ్చిన రెండెకరాల మామిడి తోట ఉంది. డెబ్భై రెండు చెట్లు. ఎక్కువ బంగినపల్లి, ఓ పదిహేను చిన్నరసాలు, బావి దగ్గర ఒకే ఒక్క పెద్దరసం. నాన్న పోయాక ఎనిమిదేళ్లు కాయ గుత్తకిచ్చేశాను. పూత టైముకి గుత్తదారు వస్తాడు, చెట్లన్నీ ఒకసారి తిరిగి మనసులో లెక్క వేసుకుంటాడు, అడ్వాన్సు ఇస్తాడు, మందులు కొట్టించుకుంటాడు, జూన్ కల్లా కాయ దించుకుని వెళ్లిపోతాడు. ఆయన్ని అనడానికేం లేదు. ఆయన కొనుక్కున్నది కాయని, చెట్టుని కాదు. మిగతా ఆరేడు నెలలు ఆ చెట్ల ముఖం చూసేవాళ్లు లేరు. నాన్న ఉన్నప్పుడు తొలకరి పడగానే ఎండుపుల్లలు కొట్టించేవాడు, రోగం కొమ్మలు తీయించేవాడు. ఆ పని ఎనిమిదేళ్లు ఆగింది. బదనికకి అంతకన్నా ఏం కావాలి?

ఇంకో సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అంతకు ముందు ఏడు మే నెల ఎండల్లో వెళ్లినప్పుడు, తోటంతా వడలిపోయి ఉంటే మూడు చెట్ల పైకొమ్మలు మాత్రం గుబురుగా పచ్చగా ఉన్నాయి. ఈ మూడూ బాగా నీళ్లు తాగుతున్నట్టున్నాయి అనుకుని సంతోషించాను. తాగుతున్నది చెట్టు కాదని అప్పుడు తెలియదు.

బదనిక దగ్గర మెచ్చుకోవాల్సిన సంగతి కూడా ఇదే. అది పూర్తి దొంగ కాదు. ఆకులు పచ్చగా ఉంటాయి కాబట్టి ఎండలో తన తిండి తనే వండుకుంటుంది. చెట్టు దగ్గర తీసుకునేది నీళ్లూ, ఆ నీళ్లలో వచ్చే లవణాలూ. పక్కవాటాలో దిగి, వంట తనే చేసుకుంటూ, నీళ్లకి మాత్రం మన ట్యాంకుకి పైపు వేసుకున్న చుట్టం లాంటిదన్నమాట. అయితే ఎండ ముదిరి నేలలో తడి తగ్గినప్పుడు మామిడి ఆకుల్లోని సన్నని రంధ్రాలు మూసుకుని చెట్టు నీళ్లు పొదుపు చేసుకుంటుంది. బదనిక అంత పొదుపు చెయ్యదు. దాని ఆకుల్లోంచి నీరు ఆవిరై పోతూనే ఉంటుంది, అలా పోయే కొద్దీ కింద నుంచి లాగుతూనే ఉంటుంది. అందుకే చెట్టు వాడిపోతున్నా అది నిగనిగలాడుతుంది. అది పట్టిన చోటు నుంచి కొమ్మ కొస దాకా మెల్లగా ఎండిపోతుంది. కాయ ముందు చిన్నదవుతుంది, ఆ తర్వాత అసలు ఉండదు.

శాస్త్రం పేరు డెండ్రోఫ్తీ. గ్రీకులో డెండ్రాన్ అంటే చెట్టు, ఫ్తోయి అంటే క్షయ. చెట్టుకి పట్టిన క్షయ అని 1830లో మార్షియస్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త పెట్టిన పేరు. మన దేశం నుంచి ఆగ్నేయాసియా మీదుగా ఆస్ట్రేలియా దాకా ఈ జాతిలో ముప్పై దాకా రకాలున్నాయి. మన దగ్గర ఎక్కువ కనపడేది ఫాల్కేటా. కొడవలిలా వంగిన ఆకుని బట్టి ఆ పేరు. మామిడి ఒక్కటే కాదు, వేప, కానుగ, టేకు, సపోటా, జామ, తుమ్మ, మన దేశంలో మూడు వందలకు పైగా రకాల చెట్ల మీద దీన్ని చూసి నమోదు చేశారు. ఇది మాత్రం తినదు అని చెప్పడానికి వీల్లేని పిల్లవాడు.

మా నాన్న తెలుగు పండితుడు. అమరకోశం చిన్నప్పుడు మా చేత బలవంతాన బట్టీ పట్టించాడు. అప్పుడు ఏడుస్తూ చదివినవి ఇప్పుడు పనికొచ్చాయి. బదనికకి అందులో వంద, వృక్షాదని, వృక్షరుహ, జీవంతిక అని పేర్లున్నాయి. వృక్షాదని అంటే చెట్టుని తినేది. జర్మనీ ఆయన చెప్పిందీ ఇంచుమించు అదే. కానీ ఆయన జీవంతిక దాకా రాలేదు. చెట్టుని తినేది అన్న నోటితోనే జీవంతిక అని కూడా ఎందుకన్నారో నాన్నని అడగాల్సింది, అప్పుడు ఎలా అప్పజెప్పాలా అన్న టెన్షనే తప్ప అర్థం సంగతి ఎవరికి పట్టింది?

సరే, ఆ జనవరిలోనే తీయించేద్దామని ఇద్దరు కూలీల్ని పెట్టాను. దోటికి కొడవలి కట్టి అందినంత మేర లాగి పడేశారు. బదనిక కొమ్మ పెళుసు, పుటుక్కున విరుగుతుంది. సాయంత్రానికి కింద పెద్ద కుప్ప పడింది, నాకు ప్రాణం కుదుటపడింది, కూలి ఇచ్చి బస్సెక్కాను. బాబాయ్ ఆరోజు ఊళ్లో లేడు. వచ్చి చూసి ఫోన్ చేశాడు. "క్షవరం చేయించావు, అంతే. రెట్టింపు వస్తది చూడు."

వచ్చింది. వానాకాలం దాటేసరికి ఒక్కో చోట మూడేసి గుబుర్లు.

ఎందుకో తెలియాలంటే నిచ్చెన వేసుకుని దగ్గర్నుంచి చూడాల్సిందే. తర్వాతి జూలైలో, గుత్త మానేసి కాయ మేమే దింపించుకున్నాక, ఎక్కి చూశాను. బదనిక అంటుకున్న చోట మామిడి కొమ్మ మోకాలి చిప్పలా ఉబ్బి ఉంది. అక్కడితో అయిపోతే బాగుండేది. ఆ ఉబ్బు దగ్గర నుంచి చిటికెన వేలంత లావున వేళ్లు కొమ్మ బెరడు మీద పాముల్లా అటూ ఇటూ పాకాయి. వేరు వెళ్లిన దారిలో ఎడాపెడా మళ్లీ బుడిపె, ఆ బుడిపె కింద బెరడులోకి దిగిన ఇంకో మేకు, దాని మీద ఇంకో పిలక. ఒక బుడిపె దగ్గర రంపంతో అడ్డంగా కోయించాను. మామిడి చెక్క పసుపు తెలుపు, బదనికది కాస్త గోధుమరంగు. రెండిటికీ మధ్య గీత గీసినట్టు లేదు, ఒకదాని వేళ్లు ఒకదానిలోకి దువ్వెన పళ్లలా దిగి ఉన్నాయి. పైన ఆకు కొమ్మ పీకితే ఈ లోపలిది ఎక్కడికి పోతుంది? పాకిన వేరులోంచీ, లోపల మిగిలిన ముక్కలోంచీ మళ్లీ చిగురుస్తుంది.

అందుకని చేయాల్సిన పద్ధతి ఒకటే. బదనికని కాదు, అది పట్టిన మామిడి కొమ్మనే, పాకిన వేరు కూడా అయిపోయాక ఇంకో అడుగు కిందకి వచ్చి కోసెయ్యాలి. కోసిన చోట మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు రాయాలి. అదీ బదనిక కాయ పండకముందే. రకరకాల మందులు చెప్పినవాళ్లున్నారు, కలుపు మందు పూయమన్నవాళ్లూ ఉన్నారు. మామిడికీ దానికీ నీళ్లు పారే గొట్టాలు ఒకటే అయినప్పుడు ఆ పూసిన మందు ఎటు పోతుందోనని నాకు భయం. రంపమే నయం అనుకున్నాను.

పన్నెండు చెట్లు అలా అయిపోయాయి. పదమూడోది పెద్దరసం.

దానికి బదనిక సరిగ్గా రెండు పెద్ద కొమ్మలు చీలే చోట పట్టింది. పద్ధతి ప్రకారం కోస్తే సగం చెట్టు పోతుంది. నాన్న ఎండాకాలం ఆ చెట్టు కింద నులకమంచం వేసుకుని పేపర్లు దిద్దేవాడు. రంపం పట్టుకున్న కుర్రాడు నా వైపు చూశాడు, నేను బాబాయ్ వైపు చూశాను. "ఉలి తే" అన్నాడు బాబాయ్. చెక్కినంత మేర చెక్కి పేస్టు రాశాడు. "ఇది వదలదు. మూణ్నెల్లకోసారి వచ్చి పిలక గిల్లుతుండాలి, నాకు ఓపిక ఉన్నన్నాళ్లు" అన్నాడు. ఇప్పటికి ఆరుసార్లు గిల్లాడు. దానికి ఆకు నిలవనివ్వకపోతే తిండి వండుకోలేదు, ఎప్పటికైనా నీరసిస్తుందని ఆశ.

ఇంతకీ ఇది చెట్టెక్కింది ఎలా? ఇది తెలుసుకున్నాకే నాకు అసలు తమాషా అర్థమైంది. మా తోటలో బొటనవేలంత పిట్టలు తిరుగుతుంటాయి. బూడిద రంగు ఒళ్లు, కాస్త వంగిన లేత రంగు ముక్కు, ఎగిరినంతసేపూ చిక్ చిక్ చిక్ అంటూ ఒకటే గోల. ఐదారు గ్రాములుంటుందేమో, మన దేశపు అతి చిన్న పక్షుల్లో ఒకటి. వాటి కోసం నేను బావి గట్టు మీద మట్టి మూకుట్లో నీళ్లు కూడా పెట్టేదాన్ని. చూస్తే తోటంతా విత్తనాలు చల్లుతున్నది ఇవే.

బదనిక పండు శనగ గింజ కన్నా పెద్దది, గులాబీ రంగు, కొసన చిన్న గిన్నె లాంటిది ఉంటుంది. చిన్నప్పుడు చీకేవాళ్లమని బాబాయ్ చెప్పాడు. పిట్ట ఆ పండుని తొడిమ నుంచి తుంచి మింగుతుంది. కొద్ది నిమిషాల్లోనే గింజ వెనక నుంచి వచ్చేస్తుంది. కానీ ఊరికే రాలదు. గింజ చుట్టూ బంక ఉంటుంది, సాగుతుంది, వేలాడుతుంది. పిట్ట అవస్థ పడి కొమ్మ మీద అటూ ఇటూ జరిగి, ఒళ్లు కొమ్మకేసి రాసి, తుడుచుకుని ఎగిరిపోతుంది. గింజ సరిగ్గా ఎక్కడ ఉండాలో అక్కడ, కొమ్మ మీద అంటుకుని ఉంటుంది. ఒకదాని వెనక ఒకటి దారానికి గుచ్చినట్టు అంటుకున్న గింజల్ని లేత కొమ్మల మీద చూశాను. ఎవరో పూసలదండ ఆరేసినట్టుంది.

దీన్ని తొంభై ఏళ్ల కిందటే పక్షిశాస్త్రవేత్త సలీం అలీ కూచుని గమనించి రాశాడు. బొంబాయికి అవతలి ఒడ్డున కొంకణంలో ఉన్నప్పుడు, తేనెపిట్టలు ఈ పూలకి పరాగం మోస్తాయనీ, ఈ చిన్నపిట్టలు గింజలు వ్యాప్తి చేస్తాయనీ 1931లో వ్యాసం వేశాడు. అదే ఏడు నిజాం రాజ్యంలో పక్షుల సర్వేకి హైదరాబాదు వచ్చాడు.

ఆ బంక సంగతి నా చేతులతోనే చూశాను. ఏప్రిల్లో ఒక పండు నలిపితే గింజ చూపుడు వేలికి అంటుకుంది. విదిలిస్తే బొటనవేలికి పోయింది. చీర కొంగుకి తుడిస్తే కొంగుకి వేలాడింది. విజయవాడ వచ్చేవరకూ ఫోన్ కవరుకి ఇంకోటి అంటుకుని ఉందని చూసుకోలేదు. దాన్ని పిన్నుతో తీసి బాల్కనీ ఇనప గ్రిల్లుకి అంటించాను, ఏం చేస్తుందో చూద్దామని. పదిరోజులకి దానిలోంచి ఆకుపచ్చని కాడ వచ్చింది! నీళ్లు లేవు, మట్టి లేదు, ఇనప ఊచ మీద. కాడ వెలుగు వైపు కాకుండా ఊచ వైపు వంగింది. కొస బల్లి వేలి కొసలా చదునుగా పరుచుకుని పెయింటుకి గట్టిగా ఆనుకుంది. అక్కడే ఉండి, నాలుగో వారానికి నల్లబడి రాలిపోయింది.

మా కృష్ణా, గుంటూరు, ప్రకాశం వైపు పొగాకు రైతుల్ని ఏడిపించే పొగాకు మల్లె అనే కలుపుమొక్క ఉంది చూడండి, అదీ పరాన్నజీవే, కానీ దానిది పూర్తిగా వేరే లెక్క. దాని గింజ పొగాకు వేరు నుంచి ఫలానా రసాయనం వచ్చేదాకా మొలవదు, మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోతుంది. బ్యాంకు భాషలో అది గ్యారంటీ చూసి గానీ సంతకం పెట్టని రకం. బదనికకి ఆ పట్టింపు లేదు. పిట్ట ఎక్కడ పెడితే అక్కడ మొలవడమే. చెట్టయితే బతుకుతుంది, గ్రిల్లయితే పోతుంది.

మా బ్రాంచిలో ఒకాయనకి ఈ తోట పని సంగతి తెలిసి సీటు దగ్గరకొచ్చాడు. కూతురికి సంబంధాలు కుదరడం లేదు, ఆ పిల్ల నక్షత్రానికి ఎవరో మేడి బదనిక చెప్పారు, మీ తోటలో ఉందా మేడమ్ అని. ఆదివారం పుష్యమి నక్షత్రం కలిసిన రోజు తియ్యాలట. బజార్లో ఎర్రదారం చుట్టి అమ్ముతున్నారు గానీ ఏ చెట్టుదో నమ్మకం లేదన్నాడు. మేడి లేదండీ, మామిడీ కానుగా ఉన్నాయన్నాను. మామిడి మీదా కానుగ మీదా మా దగ్గర పట్టింది ఒకే మొక్క, అదే ఆకు, అదే పువ్వు అని చెప్పబోయి ఊరుకున్నాను. ఆయన అడిగింది వృక్షశాస్త్రం కాదు. "పోనీ మామిడిదే ఒక ముక్క ఇవ్వండి, ఊరికే ఎందుకు పారేయడం" అన్నాడు. కుప్ప అంతా ఉంది, ఇచ్చాను.

ఆ కుప్ప దగ్గరే ఇంకోటి జరిగింది. జూలైలో కోసి పడేసిన మర్నాడు పొద్దున్నే వెళితే, వాడిపోతున్న బదనిక ఆకుల మీద పసుపు గోధుమరంగు గొంగళిపురుగులు. ఒంటి నిండా తెల్లని పొడుగు నూగు, నల్లని తల. ఒకటీ రెండూ కాదు, ఒకే ఆకు మీద బడిపిల్లల్లా వరసగా ఇరవై దాకా. ఒకటి పట్టుదారం వదులుతూ కిందకి వేలాడి గాలికి ఊగుతోంది. మా అబ్బాయి ఫోనులో చూసి చెప్పాడు, కామన్ జెజెబెల్ అట. ఆ సీతాకోకచిలుక నాకు బాగా తెలుసు. రెక్కలు మూసినప్పుడు కింది వైపు పసుపు, నల్లని గీతలు, అంచు పొడుగునా ఎర్ర చుక్కలు. చెట్ల పైన ఎక్కడో తీరిగ్గా ఎగురుతుంది. అది గుడ్లు పెట్టేదీ, దాని పిల్లలు తినేదీ ఈ బదనిక కుటుంబపు మొక్కలనే. మామిడి ఆకు పెడితే ముట్టవు. పెట్టి చూశాను, ముట్టలేదు.

ఆస్ట్రేలియాలో డేవిడ్ వాట్సన్ అనే పరిశోధకుడు కొన్ని అడవి ముక్కల్లో ఇలాంటి మొక్కలన్నీ తీయించేసి, మూడేళ్ల తర్వాత లెక్క చూస్తే అక్కడ పక్షుల రకాలు తగ్గిపోయాయట. చదివి కాస్త కలవరపడ్డాను. తర్వాత ఆయనది అడవి, నాది తోట, బోరు మీద అప్పున్నది నాకు అని సర్దిచెప్పుకున్నాను.

పూర్తిగా సర్దుకోలేదనుకుంటా. తోట పడమటి గట్టు మీద ఒక కానుగ ఉంది, దాని మీదా బదనిక ఉంది. రంపం కుర్రాడు అటు నడుస్తుంటే, దాన్ని ఉండనీ అన్నాను. గొంగళిపురుగులున్న కొమ్మల్ని తీసుకెళ్లి ఆ గుబురులో ఇరికించాను. బాబాయ్ నెత్తి కొట్టుకున్నాడు. "దొంగని పట్టుకుని, వాడి పిల్లలకి అన్నం పెట్టి, సందు చివర ఇల్లు కట్టిస్తావా?"

మొన్న ఆదివారం వెళ్లాం. పెద్దరసానికి ఆరోసారి పిలక గిల్లడం అప్పుడే. కానుగ మీద గొట్టాల్లాంటి ఎర్రపూలు అప్పుడప్పుడే విచ్చుకుంటున్నాయి, ఓ పక్క పాత కాపు పళ్లు నాలుగైదు మిగిలి ఉన్నాయి. ఒక తేనెపిట్ట పువ్వు మీద పువ్వు మారుతోంది. బాబాయ్ ఉలి తుడుచుకుంటూ నిచ్చెన దిగి నా పక్కన గట్టు మీద కూచున్నాడు, ఫ్లాస్కులో టీ పోసిచ్చాను. కానుగలోంచి చిక్ చిక్ అంటూ ఆ బుల్లి పిట్ట లేచింది. మా తలల మీదుగా బావి వైపు పోయి, పెద్దరసం మీద వాలి, కొమ్మ మీద అటొకసారి ఇటొకసారి జరిగింది.

బాబాయ్ టీ గ్లాసు పక్కన పెట్టి నా వైపు చూశాడు. నేను ఫ్లాస్కు మూత బిగిస్తూ ఉండిపోయాను.